వారానికి ఆరు నూర్లు

"రాసుకోండ్రి సారూ. వారానికి రెండు కిలోల మటన్."

"రెండు కిలోలా, బుచ్చన్నగారూ?"

"రెండంటే రెండు. చుట్టాలొస్తే మూడు."

"ఎవరింట్ల, బావా?"

"నువ్వు గమ్మునుండు జమునా. సారు నన్నడుగుతున్నడు."

"నేను గూడ సారునే అడుగుతున్న. ఎవరింట్ల వండిన్రో ఏమో, మాకు వాసన గూడ రాలే."

రెండువేల పది జనవరిలో ఒక మధ్యాహ్నం, సెంటినరీ కాలనీలో ఒక కంపెనీ క్వార్టర్ వరండా. ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళో ఫారం పెట్టుకుని, కార్మికుల ఇంటిఖర్చులు రాసుకుపోయే మంథని అనంతరామ్. నులకమంచం మీద బొగ్గుబాయిలో సెకండ్ షిఫ్టుకు పోవలసిన బుచ్చన్న. గడప మీద చాటలో ఎర్రపప్పు ఏరుతూ అతని భార్య జమున.

"బుచ్చన్నగారూ, ఇది పెండ్లివిందు లెక్క కాదు. పోయిన ఏడు రోజుల్లో మీ ఇంట్లో ఏం కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏం తిన్నారు. అంతే. మటన్ అన్నారు, సరే. కిలో ఎంత?"

"ధరనా?"

"ధరే."

"గదే... నూట ఇరవై ఉంటది."

"నూట ఇరవై లోపల కోడొస్తది బావా. మేక రెండు వందల డెబ్బై."

"రెండు వందల డెబ్బయా! ఎప్పటి సంది?"

"నువ్వు తెచ్చుడు బంద్ జేసినప్పటి సంది."

"సారూ, ఆమె మాటలు పట్టించుకోకుండ్రి. మీకు అసలు ముచ్చట చెప్త. మా బాయిల మొగిలి అని ఉంటడు, యూనియన్ల తిరుగుతడు. ఆయన చెప్పిండు. మీరు గీ కాయితంల ఎంత రాస్తే ఢిల్లీల గంత లెక్కయితదట. గా లెక్క మీద మాకు డీఏ పెరుగుతదట. అందుకే జర ఎక్కువ రాయుమంటున్న. మీ సొమ్మేం పోతది?"

"డీఏ పెరిగేది ధరలను బట్టి. గొప్పలను బట్టి కాదు. గొప్పలకు కూడా డీఏ ఇస్తే ఈ కాలనీలో అందరూ లక్షాధికారులే అవుతారు."

"అయితే ఒక్క కిలో రాయుండ్రి."

"సున్నా రాయుండ్రి సారూ. ఆదివారం కోడి తెచ్చిన. కిలో. నూరు రూపాయలు. ఐదుగురం తిన్నం."

"ఇదీ లెక్క. ఐదుగురు ఎవరెవరమ్మా?"

"మేమిద్దరం. కొడుకు రుత్విక్, బిడ్డ మమత. మా అత్తమ్మ సారవ్వ, లోపల పండుకున్నది."

"కోడి, కిలో, నూరు. బియ్యం?"

"సన్నబియ్యం సారూ! పన్నెండు కిలోలు. మా ఇంట్ల దొడ్డుబియ్యం ముట్టరు."

"నాలుగు కిలోలు సారూ."

"నాలుగు కిలోలు ఐదుగురికి వారమంతా వస్తాయా అమ్మా?"

"గా నాలుగు కిలోలు ఆయనకే. బాయికి తీస్కపోయే గిన్నెల సన్నన్నం ఉండాలె, పక్కన కూసున్నోళ్ళు చూస్తరు గదా. ముప్పై రెండు లెక్కన నూట ఇరవై ఎనిమిది. మా నలుగురికి రెండు రూపాయల బియ్యం, ఎనిమిది కిలోలు."

"మీకు తెల్లకార్డు ఉందా?"

"ఎక్కడిది? కంపెనీ నౌకరి గదా, గులాబి కార్డు ఇచ్చిన్రు. చూడనీకె మంచిగుంటది. దులిపినా గింజ రాలదు."

"మరి రెండు రూపాయల బియ్యం ఎక్కడివి?"

"ఎనక లైన్ల పోశం కాక ఉంటడు. ఆయనకు తెల్లకార్డున్నది. ఆయన తెచ్చి నాకు తొమ్మిదికి అమ్ముతడు."

"సర్కారు రెండుకిస్తే, పోశం తొమ్మిదికా?"

"ఆయనను ఏమంటం సారూ? ధరలు పెరిగినయి బిడ్డా అంటడు. నిరుడు ఏడుకే ఇచ్చిండు."

"మరి పోశం ఏం తింటాడు?"

"సన్నబియ్యం."

"ఆగు, ఆగు. జమునా, మీరు నలుగురు దొడ్డన్నం తింటున్నరా? మా అవ్వ గూడనా? నాకెందుకు చెప్పలే?"

"నీ కంచంల లేదు గదా బావా. నీకెట్ల కనపడ్తది."

"కనపడకపోతే చెప్పవా?"

"చెప్పితే ఏం జేస్తుంటివి?"

"ఏం జేస్తుంటి... ఏదో ఒకటి జేస్తుంటి."

"బియ్యం మొత్తం రెండు వందలు. ముందుకు పోదాం. బుచ్చన్నగారూ, కందిపప్పు ధర ఎంత?"

"గిది నాకు ఎరుకే. నలభై."

"గది రుత్విక్ నాలుగో తరగతిల ఉన్నప్పుడు బావా. పోరడిప్పుడు ఎనిమిది చదువుతున్నడు."

"యాభై?"

"పో, ఇంకా పైకి పో."

"అరవై అనుకో."

"నువ్వేమన్న వేలంపాట పాడుతున్నవా? తొంభై రెండు సారూ. అర కిలో కంది, అర కిలో ఎర్రపప్పు కొంట. రెండు కలిపి వండుత. డెబ్బై ఆరు."

"కలిపితే రంగు తేడా రాదా అమ్మా?"

"వస్తది. ఒకపారి అడిగిండు గూడ, పప్పేందే ఎర్రగున్నదని. టమాటలెక్కువ ఏసిన అన్న. మంచిగున్నది అని తిన్నడు. టమాట ఇరవై నాలుగు ఉన్నప్పుడు పప్పుల టమాటలెక్కువ ఏసే ఆడది ఉంటదా? గంత మాత్రం ఆలోచన జెయ్యలే."

"నాకేం ఎరుక? అన్నం ముంగట కూసొని ఎవరన్న లెక్కలు చేస్తరా సారూ? కడుపు నిండిందా లేదా, గంతే."

"నీ కడుపు నిండింది గదా, ఇగ లెక్కెందుకు."

"అమ్మా, ఇక్కడ ఇంకో ప్రశ్న ఉంది. ఇంట్లో ఒక్కొక్కరు వారంలో ఎన్ని పూటలు తిన్నారు? రోజుకు రెండు పూటలు వేసుకుంటే పద్నాలుగు. బుచ్చన్నగారు?"

"పద్నాలుగు. డ్యూటీ ఏ షిఫ్టైనా పూట తప్పది."

"పిల్లలు, పెద్దమ్మ?"

"వాళ్ళవి గూడ పద్నాలుగే సారూ."

"మీవి?"

"పదకొండు."

"ఒంట్లో బాగా లేదా?"

"మంచిగనే ఉన్న. సోమవారం శివుడు, బేస్తారం సాయిబాబ, శనివారం ఎంకన్న. ఒక్కపొద్దులు."

"మా ఇంటిదానికి భక్తి బగ్గ ఉన్నది సారూ. గిది మీ కాయితంల ఉన్నదో లేదో గని, రాయుండ్రి. లైన్ల అందరు అంటరు, జమున అసొంటి భక్తురాలు లేదని."

"మంచిది. చిన్నప్పటి నుంచీ ఉందా ఈ భక్తి?"

"కాదు సారూ. కందిపప్పు డెబ్బై దాటినప్పటి సంది. ఎంకన్న మొన్న సంక్రాంతి ముంగట మొదలైండు. చక్కెర నలభై దాటింది గదా, అందుకు. ఇంక పెరిగితే మంగళారం హనుమంతుడు ఖాళీగనే ఉన్నడు."

"జమునా, గదేం మాట! నవ్వులాటకే అంటున్నవు గదా?"

"నవ్వులాటకే బావా. సారు రాసుకుంటున్నడు, నవ్వులాటకే చెప్తున్న."

"పదకొండు అని రాశానమ్మా. మిగతావి చెప్పండి."

"నూనె ప్యాకెట్ యాభై. చక్కెర, ఛాయపత్త అరవై నాలుగు. పాలు దినాం అర లీటరు, తొంభై ఒకటి. కూరగాయలు, ఉల్లిగడ్డలు నూట తొంభై. గది గూడ ఆదివారం అంగడి లేసిపోయేటప్పుడు పోత గనుక. పొద్దుగాల పోతే మూడు వందలు ముట్టుతయి."

"లేసిపోయేటప్పుడు మంచివి దొరుకుతాయా?"

"మంచివాటిని పైసలున్నోళ్ళు తీస్కపోతరు. పుచ్చు ఉన్నకాడికి కోసి పారేస్త. పుచ్చుకు పైసలియ్య గదా సారూ, గది తీసేసే బేరం జేస్త."

"బాగుంది. చెప్పండి."

"ఉప్పు, కారం, చింతపండు అరవై. డజన్ గుడ్లు ముప్పై ఆరు. సబ్బులు, సర్ఫు అరవై ఐదు. అత్తమ్మకు ఆకు, వక్క ఇరవై ఎనిమిది. ఇడ్లి రవ్వ, మినపపప్పు, పిల్లలకు బిస్కెట్లు కలిపి నూట ఇరవై. అయిపోయింది. గ్యాసు, కరెంటు కంపెనీ సూసుకుంటది, లేకుంటే పొయ్యిమీద ఆశే వండాలె."

"ఆగండి, కూడుతున్నా. కోడితో కలిపి... వెయ్యీ ఎనభై."

"వెయ్యి ఎనభయా? వారానికి? సారూ, మల్ల ఒకసారి కూడుండ్రి."

"రెండుసార్లు కూడి చూశాను. వెయ్యీ ఎనభై. ఇప్పుడు ఆదాయం. బుచ్చన్నగారూ, తిండికి ఇంట్లో వారానికి ఎంత ఇస్తున్నారు?"

"ఎంత గావాల్నంటే గంత ఇస్త. నేను ఎన్నడు లెక్కవెట్టలే."

"ఈ గడిలో అంకె రాయాలి. 'ఎంత కావాలంటే అంత' అనే అంకె లేదు."

"గట్లయితే... ఆరు నూర్లు."

"ఎన్నాళ్ళ నుంచి ఆరు నూర్లు?"

"ఎన్నాళ్ళంటే, గదే... రుత్విక్ నాలుగో తరగతిల..."

"నాలుగేండ్లు. ఈ నాలుగేండ్లలో కంపెనీ మీకు డీఏ ఎన్నిసార్లు సవరించింది?"

"మూడు నెలలకోపారి సారూ. పద్నాలుగు, పదిహేను సార్లు సవరించింది. అదీ సక్కగ ఇయ్యలే, మేం గేటు కాడ జెండాలు పట్టుకొని లొల్లి జేస్తె ఇచ్చిన్రు. ఒక పైస గూడ ఇడిసిపెట్టలే."

"ఇంటికి ఎన్నిసార్లు పెరిగింది?"

"ఇల్లు కంపెనీ కాదు గదా సారూ."

"కాదు సారూ. ఇంటికి యూనియన్ గూడ లేదు."

"నువ్వు ఉండవే! సారూ, నా బాధ గూడ రాసుకోండ్రి. చేతికొచ్చేదాంట్ల ప్లాటు లోను పోతది, పిల్లల ఫీజులు పోతయి, చిట్టీ పోతది. ఇగ దోస్తులల్ల నలుగురిల ఒకపారి మనం పెట్టాలె, ఒకపారి వాళ్ళు పెట్టాలె. గది తప్పది."

"రాసుకుంటా. ముందు ఇది తేల్చాలి. ఇచ్చింది ఆరు వందలు, ఖర్చు వెయ్యీ ఎనభై. తేడా నాలుగు వందల ఎనభై. ఈ నాలుగు వందల ఎనభై ఎక్కడిది?"

"జమునా, సారు అడుగుతున్నడు."

"నన్నా? ఇంతసేపు నిన్నే అడుగుతున్నడంటివి."

"ఎక్కడివే గా పైసలు? వారం వారం నాలుగు వందల ఎనభై! మీ తల్లిగారు పంపుతున్నరా?"

"మా తమ్ముడు పోయిన నెల నీ దగ్గరే వెయ్యి బదులు అడిగిండు. మరిచినవా?"

"అప్పు జేస్తున్నవా?"

"అప్పు ఇచ్చేటోళ్ళు నీ పేరు వినంగనే మర్యాదగ లేవంటరు."

"పుస్తెలు... పుస్తెలేవి? చూపెట్టు!"

"గివేంది? కండ్లు లేవా?"

"అమ్మా, ఇక్కడ నాలుగే ఉన్నాయి. అప్పు, అమ్మకం, దానం, ఇతరములు. ఏది రాయమంటారు?"

"ఇతరములు రాయుండ్రి."

"ఇతరములంటే ఏమిటో పక్కన వివరం రాయాలి."

"గా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి సారూ. ఆయనకు డ్యూటీ టైమైతున్నది."

"డ్యూటీకి ఇంకా గంటున్నది! ఇయ్యాల ముచ్చట తేలాలె. ఇతరములంటే ఎవరు?"

"'ఎవరు' ఏంది బావా? ఇతరములంటే మనిషి పేరా?"

"తొందర పడకండి. అది పక్కన పెడదాం. ముందు గడి ఒకటి వదిలేశాను. 'ఇంటి బయట తిన్నది.' పోయిన వారం మీరు బయట ఏమేం తిన్నారు బుచ్చన్నగారూ?"

"నేనా? నేను బయట తిననే తిన సారూ. బాయి, ఇల్లు. ఒక్క ఛాయ."

"ఛాయ ఒక్కటేనా?"

"ఒక్కటే. జల్ది రాయుండ్రి, మనం ఇతరములకు వద్దాం."

"బావా, సోమవారం రెండు ప్లేట్లు."

"ఏం ప్లేట్లు?"

"మంగళారం రెండు. బుధారం ఐదు. మొగిలన్న, గట్టయ్యన్న వచ్చిన్రు. ముగ్గురు తిన్నరు, పైసలు నువ్వే ఇచ్చినవు. మొగిలన్న జేబుల చెయ్యి వెట్టిండు గని, గా చెయ్యి బయటకు రాలే. బేస్తారం రెండు. శుక్రారం నాలుగు. శనివారం మూడు. మొత్తం పద్దెనిమిది ప్లేట్ల మిర్చిబజ్జి. ప్లేటు పది. నూట ఎనభై."

"నీకు... నీకెట్ల ఎరుక? బస్టాండు కాడ పూలమ్మ బండి మీద తిన్నదానికి నీకెట్ల ఎరుక? పూలమ్మ చెప్పిందా?"

"నూట ఎనభై. బయట తిన్నది. రాశాను."

"సారూ, ఆగుండ్రి! జమునా, పూలమ్మ చెప్పిందా? నన్ను చూసేటందుకు మనిషిని పెట్టినవా?"

"మనిషిని ఎందుకు పెడ్త? పోయిన పిండి ఎంత, మిగిలిన పిండి ఎంత, నాకు లెక్క తెల్వదా?"

"ఏం పిండి?"

"శెనగపిండి. మన వంటింట్ల కలిపిన శెనగపిండి. మిరపకాయలు చీరి, వాము, చింతపండు కూరి, గిన్నెలల్ల పెట్టి ఇచ్చుడు ఇక్కడ. నూనెల గాల్చుడు, అమ్ముడు పూలమ్మక్క. లాభం సగం సగం, ఎవరెన్ని తిన్నరో దినాం లెక్క చెప్తది. సారూ, ఇతరములల్ల రాసుకోండ్రి. బజ్జీలు."

"బుచ్చన్నగారూ, మంచినీళ్ళు తాగుతారా?"

"పూలమ్మ బజ్జీలు... నువ్వు చేసినవా?"

"ఎనిమిది నెలలాయె."

"నేను తిన్నయన్నీ?"

"నువ్వు తిన్నయి. నువ్వు పెట్టిచ్చినయి. 'మా ఇంటిదాని చేతికి ఉప్పుంటే కారముండది, నీ చేతిల అమృతమున్నది పూలమ్మా' అన్నవట. ఆమె నవ్వు ఆపుకోలేక నూనెకాడికెల్లి మొకం తిప్పుకున్నదట. గా దినం ఒక బజ్జి మాడింది. గది నీకే ఏసింది."

"థూ! నా పరువు తీసినవు గదనే! ఇరవై రెండేండ్ల సర్వీసు నాది. బుచ్చన్న పెండ్లాం బజ్జీలు అమ్ముతున్నదని..."

"ఎవరన్నరు? ఎనిమిది నెలల్ల ఎవరన్న అన్నరా? నీకే ఎరుక లేదు."

"మా అవ్వకు తెలిస్తే ఏమంటదో!"

"ఏమంటది? మిరపకాయలు కోసేది ఆమెనే."

"అవ్వనా!"

"జర మెల్లగ. పండుకున్నది."

"అవ్వ కండ్లు మండుతున్నయంటే మూడుసార్లు కంపెనీ దవాఖానకు తీస్కపోయిన గదా! డ్యూటీ ఇడిసిపెట్టి! డాక్టరు చుక్కలమందు రాసిండు!"

"మిరపకాయలు కోసి గదే చేతితోని కండ్లు రుద్దుకున్నది. చుక్కలమందు వేసినా తగ్గలే. సబ్బుతోని చేతులు కడుక్కోమన్న, తగ్గింది."

"ఇద్దరు ఒక్కటైన్రన్నట్టు. అత్త, కోడలు. ఏ ఇంట్లనన్న ఉన్నదా సారూ గీ అన్యాలం?"

"అసలు ఉపాయం ఆమెదే బావా. ఎండకాలంల ఒకనాడు ఉత్త చారు పోసిన. తిని చెయ్యి కడుక్కొని అన్నది, 'బిడ్డా, వాని పైసలు ఇంటికొచ్చేటట్టు లేవు. పైసలున్నకాడికి ఇల్లే పోవాలె' అని. తెల్లారి పూలమ్మను పిలిపించింది."

"అంటే ఏందే... నేను బయట ఖర్చు వెట్టిన పైసలే..."

"సక్కర్లు గొట్టి సగం ఇంటికే వస్తున్నయి. నువ్వు ఫస్టు షిఫ్టుల ఉన్న వారం మాపటికి బస్టాండు కాడుంటవు, మా పప్పు చిక్కగుంటది. నువ్వు సెకండ్ షిఫ్టుల ఉన్న వారం మాకు చారు. ఈ వారం చారే. కావాల్నంటే గిన్నె మూత తీసి చూడు."

"వద్దు."

"చూడు బావా."

"వద్దన్న గదా. నమ్మిన."

"బుచ్చన్నగారూ, నా పని ఇప్పుడు కష్టంలో పడింది. మాకు కార్మికుడి జీతం మీద నడిచే ఇల్లు కావాలి. ఈ ఇల్లు సగం జీతం మీద, సగం బజ్జీల మీద నడుస్తోంది. ఇలాంటి ఇల్లు లెక్కలోకి రాదు. కొట్టెయ్యాలి."

"కొట్టేసుడా? సారూ, లైన్ల అన్ని ఇండ్లల్ల మాదొక్కటే మీ లెక్కకు వచ్చిందని మొగిలి అందరికి చెప్పిండు. ఇప్పుడు కొట్టేస్తే ఎందుకు కొట్టేసిన్రంటరు?"

"కారణం రాస్తాం కదా. పేర్లు, కారణాలు ఒక కాయితం మీద రాసి యూనియన్ ఆఫీసులో అతికిస్తారు. 'భార్య బజ్జీల వ్యాపారం.'"

"అతికిస్తరా!"

"పెద్ద అక్షరాలతో."

"సారూ, మీ కాళ్ళు మొక్కుత. ఇంకో తొవ్వ లేదా?"

"ఒకటుంది. ఈ ఇంటి తిండిఖర్చు మొత్తం నా జీతం నుంచే ఇస్తున్నానని మీరు రాసి సంతకం పెడితే, బజ్జీలు ఆమె చేతిఖర్చు అవుతాయి. ఇల్లు లెక్కలో నిలుస్తుంది."

"మొత్తమంటే?"

"వెయ్యీ ఎనభై."

"ఎనిమిది నూర్లు రాస్త సారూ."

"ఎనిమిది వందలు రాస్తే మిగిలిన రెండు వందల ఎనభై ఎక్కడిదని మా పై ఆఫీసరు అడుగుతాడు. నేను మళ్ళీ రావాలి. అప్పుడు ఆయన కూడా వస్తాడు."

"తొమ్మిది వందల యాభై. గుడ్లు బంద్ చేద్దాం."

"గుడ్లు పిల్లలయి బావా. నీ పద్దెనిమిది ప్లేట్లు బంద్ చేద్దాం."

"...వెయ్యి ఎనభై. రాయుండ్రి. ఎక్కడ పెట్టాలె సంతకం?"

"ఆగుండ్రి సారూ. వచ్చే ఏడు కందిపప్పు నూటపది ఐతే నేను మల్ల నాలుగేండ్లు వెయ్యి ఎనభైతోనే ఎల్లదీయాల్నా? నాకు గూడ డీఏ రాయుండ్రి. మూడు నెలలకోపారి."

"నీకు డీఏ ఏందే!"

"నీకెందుకిస్తున్నరు?"

"ధరలు పెరిగినయని."

"గా ధరలు ఎవరు కడుతున్నరు?"

"రాశాను. 'ధరలు పెరిగిన కొద్దీ మూడు నెలలకోసారి పెంచి ఇవ్వగలవాడను.' ఇక్కడ సంతకం. తేదీ కూడా వెయ్యండి."

"నౌకరిల చేరిన దినం గూడ గిన్ని ఆలోచనలు చేసి సంతకం పెట్టలే సారూ... ఇగో. ఐపోయిందా? యూనియన్ ఆఫీసుల అతికియ్యరు గదా?"

"అతికించరు. మాట."

"జమునా, గిన్నె ఇయ్యి. పోతున్న."

"సన్నన్నమే పెట్టిన. చారు పోసిన."

"...రాత్రికి అవ్వకు ఆ సన్నబియ్యమే వండు. నాకేం లేదు, బాయిల చీకట్ల ఏ బియ్యమో ఎవనికి కనపడ్తది. సారూ, నమస్తే. మొగిలి అడిగితే, మటన్ రెండు కిలోలు రాసిన్రనే చెప్పుండ్రి."

మోటారుసైకిలు చప్పుడు కాలనీ మూల తిరిగేదాకా వరండాలో ఇద్దరూ కదలలేదు.

"పోయిండు."

"అమ్మా, ముప్పై ఒక్కేండ్లు బడిపంతులుగా చేశాను. ఇన్ని అబద్ధాలు ఒక్క పూటలో ఎన్నడూ చెప్పలేదు. బజ్జీలు చేసిన ఇల్లు కొట్టేస్తారని ఏ రూల్లో ఉంది? యూనియన్ ఆఫీసులో అతికించుడేమిటి?"

"నేను అడిగితే ఛాయ తాగినంతసేపు గూడ వినడు సారూ. కండ్లద్దాలు పెట్టుకొని, కాయితం పట్టుకొని ఇంకొకలు అడిగితే గంటసేపు కూసొని జవాబులు చెప్పిండు."

"మంథనిలో మా ఆవిడ అహల్య అడిగే ప్రశ్నలు కూడా ఇవే. ఆమె అడిగినప్పుడు నేనూ వినలేదు. అందుకే ఎక్కడ తప్పించుకుంటాడో నాకు ముందే తెలిసింది. సరే, పొద్దు పోతోంది, బస్సుకు పోవాలి."

"మీ అసలు ఫారం నిన్ననే నింపుకపోతిరి గద సారూ. ఆయన సంతకం పెట్టిన గీ కాయితం నాకిచ్చి పోండ్రి."